పెద్ద ఊరి క్రిస్మస్ మార్కెట్‌కి వెళ్లి నిరాశ పడకుండా ఉండాలంటే ఎలా చేయాలి

జర్మనీలో మాకది మొదటి డిసెంబర్. అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి వారం కూడా కాలేదు. శనివారం సాయంత్రం ఆరింటికి, మూడేళ్ల పాపని స్ట్రోలర్‌లో కూర్చోబెట్టుకుని, ఊరి నడిమధ్యలో పెట్టిన పెద్ద క్రిస్మస్ మార్కెట్‌కి అందరం బయల్దేరాం. మాది లూథరన్ కుటుంబం. 1842లో గుంటూరు వచ్చి మా సంఘానికి పునాది వేసిన ఫాదర్ హయ్యర్ పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లోనే అని సండే స్కూల్లో విన్న మనిషి అమ్మ, అందుకే లూథర్ పుట్టిన దేశంలో క్రిస్మస్ ఎలా చేస్తారో చూడాలని టికెట్లు బుక్ చేసిన రోజు నుంచీ అంటూనే ఉంది.

అక్కడ చూస్తే కాలు కదపడానికి లేదు. స్ట్రోలర్ చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుపోయింది, వెనక నుంచి జనం తోస్తున్నారు, ఏ దుకాణం ముందు నిలబడ్డా సాసేజ్ పొగ, స్పీకర్లో ఎక్కడైనా వినిపించే ఇంగ్లిష్ పాటలు. మూడు షెడ్లలో ఒకటి తిండిది, ఒకటి వైన్‌ది, మిగిలినదాంట్లో ఫోన్ కవర్లు, ఊలు టోపీలు. నాన్న కాళ్లు చలికి బిగుసుకుపోయాయి కానీ మాకు చెప్పలేదు. గంటన్నర తిరిగాక అమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది: "ఇంత పండగ చేస్తున్నారు, బాలయేసు ఎక్కడే అమ్మాయ్?" నాకు ఏం చెప్పాలో తెలియలేదు, ట్రామ్‌లో ఇంటికి వస్తుంటే ఎవరం మాట్లాడుకోలేదు.

ఆ ఊరి పేరు చెప్పను, ఎందుకంటే చాలా పెద్ద ఊళ్లలో పరిస్థితి ఇదే. ఆ తర్వాత ఐదు డిసెంబర్లు గడిచాయి, అమ్మానాన్న ఇంకో రెండుసార్లు వచ్చి వెళ్లారు, ఆ రెండుసార్లూ సంతోషంగానే తిరిగాం. ఇప్పుడు చదువుకోడానికి కొత్తగా వచ్చిన పిల్లలు, మొదటిసారి అమ్మానాన్నని పిలిపించుకుంటున్నవాళ్లు ప్రతి నవంబర్‌లో నన్ను ఇదే అడుగుతున్నారు కాబట్టి, తెలిసింది వరసగా రాస్తున్నా.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి

మార్కెట్ పండగ కాదు, పండగకి ముందు రోజుల సంగతి. జర్మనీలో అసలు క్రిస్మస్ 24 సాయంత్రం, ఇంట్లో, తలుపులు వేసుకుని జరుగుతుంది. దానికి ముందు వచ్చే నాలుగు ఆదివారాలని ఆడ్వెంట్ అంటారు, మన సంఘాల్లో ఆగమన కాలం అంటామే అదే. చీకటి నాలుగున్నరకే పడిపోయే ఆ నాలుగు వారాల్లో, ఆఫీసు అయ్యాక తోటివాళ్లతో ఒక వేడి కప్పు పట్టుకుని అరగంట నిలబడి మాట్లాడుకుని ఇంటికెళ్లడానికి పెట్టుకున్న చోటు ఇది. ఇక్కడివాళ్లని గమనించండి, వాళ్లు మార్కెట్ మొత్తం తిరగరు, ఒక గుండ్రటి ఎత్తు బల్ల దగ్గర నిలబడిపోతారు. మనం నుమాయిష్‌కి వెళ్లినట్టు మొదటి షాపు నుంచి చివరి షాపు దాకా చూసి, నాలుగు సంచులు నింపుకుని రావాలని వెళ్తాం, ఆ లెక్కతో వెళ్తే ఇది ఖచ్చితంగా చప్పగా ఉంటుంది. అమ్మానాన్నకి బయల్దేరే ముందే ఇది చెప్పండి. నేను చెప్పలేదు, అక్కడే నా మొదటి పొరపాటు.

తేదీ, వారం, గంట

మొదటి ఆగమన ఆదివారం నవంబర్ 27కీ డిసెంబర్ 3కీ మధ్య పడుతుంది, చాలా మార్కెట్లు ఆ ముందు వారంలోనే తెరుస్తారు. దానికి ముందరి ఆదివారం చనిపోయినవాళ్లని తలుచుకునే రోజు, ఆ రోజు చాలా చోట్ల మార్కెట్ ఉండదు, ముందే తెరిచినా ఆ ఒక్కరోజు మూసేస్తారు. ముగింపు ఇంకా ముఖ్యం. ఎక్కువ చోట్ల 22, 23 తేదీలకే అయిపోతుంది, నురెంబర్గ్ లాంటిచోట 24 మధ్యాహ్నం దాకా ఉంటుంది. బెర్లిన్‌లో కొన్ని కొత్త సంవత్సరం దాకా నడుస్తాయి గానీ, మీ ఊళ్లో 25న సెలవు కదా అని వెళ్తే మూసేసిన చెక్క షెడ్లు తప్ప ఏమీ కనపడవు. ఇండియా నుంచి అమ్మానాన్నకి టికెట్ తీసేటప్పుడే ఇది చూసుకోండి, డిసెంబర్ 20 తర్వాత దిగితే మార్కెట్ చూపించడం కష్టం.

వారంలో సోమవారం నుంచి గురువారం మధ్య ఏదో ఒక రోజు వెళ్లండి. శుక్ర, శని సాయంత్రాలు వద్దంటే వద్దు. ఆఫీసు ఉంది, సెలవు దొరకదు అంటారేమో, ఒక్క మధ్యాహ్నం పూట సెలవు పెట్టండి, ఆ సెలవు వృథా పోదు. మూడున్నర, నాలుగు మధ్య అక్కడ ఉండండి. అప్పుడింకా కాస్త వెలుతురుంటుంది, జనం పలచగా ఉంటారు, షాపులవాళ్లకి మీతో రెండు మాటలు మాట్లాడే తీరిక ఉంటుంది. మీరు నిలబడి ఉండగానే ఆకాశం నల్లబడి దీపాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి, ఆ ఇరవై నిమిషాలే మొత్తం సాయంత్రంలో చూడాల్సినవి. ఆరింటికి ఆఫీసుల జనం వచ్చేసరికి మీరు బయటపడిపోవాలి.

ఫోటోలు చూసి ఊరు ఎంచుకోకండి. మార్కెట్ ఫోటోలు ఎక్కువగా ఎత్తు మీద నుంచి, దీపాలు వెలిగాక తీసినవి, కింద నిలబడ్డ మనిషికి కనపడేది ముందున్నవాళ్ల జాకెట్టే. డ్రెస్డెన్ మార్కెట్ 1434 నాటిది, సరిహద్దు దాటాక ఫ్రాన్స్‌లో ఉన్న స్ట్రాస్‌బూర్గ్‌ది 1570 నుంచి ఉంది, నురెంబర్గ్‌ది 1628 నుంచి రాతల్లో కనిపిస్తుంది. ఇవి నిజంగా చూడదగ్గవే, కానీ శనివారం వెళ్తే వాటిలోనూ మీకు అదే తోపులాట. నురెంబర్గ్ వెళ్లేవాళ్లకి ఒక మాట: అక్కడ బంగారు రంగు కిరీటం పెట్టుకుని మార్కెట్‌ని తెరిచే క్రిస్ట్‌కిండ్ అనే అమ్మాయిని రెండేళ్లకోసారి ఎన్నుకుంటారు, 2019లో ఎన్నికైన అమ్మాయి తండ్రి భారతీయుడు. ఇది చెప్తే నాన్న ఆ అమ్మాయి నిలబడే చర్చి బాల్కనీ వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డారు.

బట్టలు, ముఖ్యంగా కాళ్లు

ఒంటికి ఏం వేసుకోవాలో మీకు తెలుసు. చాలామంది మర్చిపోయేది కాళ్లు. నడిచేటప్పుడు చలి తెలియదు, రాతి నేల మీద అరగంట నిలబడితే అరికాళ్ల నుంచి పైకి పాకుతుంది. అడుగు మందంగా ఉన్న బూట్లు, ఒకటే జత ఉన్ని సాక్సులు. రెండు జతల సాక్సులు వేసి బూటు బిగుతైతే ఇంకా చలి, నాన్నకి నేను చేసింది అదే. మన మంకీ క్యాప్ ఉంటే మొహమాటపడకుండా పెట్టించండి, ఎవరూ చూడరు. చంటిపిల్లలుంటే స్ట్రోలర్ బదులు ఒంటికి కట్టుకునే క్యారియర్ తీసుకెళ్లండి. స్ట్రోలర్ తప్పదంటే మధ్యలోకి వెళ్లొద్దు, అంచునే తిరగండి.

పెద్ద బ్యాగులు ఇంట్లో పెట్టండి. బెర్లిన్‌లో 2016లో, మాగ్డెబుర్గ్‌లో 2024లో క్రిస్మస్ మార్కెట్ల మీద వాహనాలతో దాడులు జరిగాయి. అందుకే ఇప్పుడు దారి మొదట్లో పెద్ద సిమెంటు దిమ్మలు, పోలీసులు, కొన్నిచోట్ల బ్యాగుల తనిఖీ ఉంటాయి. పెద్దవాళ్లు వాటిని చూసి టెన్షన్ పడతారు, ముందే చెప్పి తీసుకెళ్తే నయం. పండ్లు కోయడానికి చిన్న చాకు బ్యాగులో వేసుకునే అలవాటు అమ్మలకి ఉంటుంది, అది తీసేయించండి, ఇలాంటి చోట్ల కత్తులు నిషేధం.

డబ్బు

కార్డు తీసుకోని షెడ్లు ఇంకా చాలా ఉన్నాయి. నోట్లు కూడా 50 యూరోలవి కాదు, 5, 10 నోట్లు, చిల్లర నాణేలు. ఎంత ఖర్చుపెట్టాలో ఇంట్లోనే అనుకుని అంతే జేబులో వేసుకోండి. పోయినేడు మా ఊళ్లో ఒక కప్పు గ్లూవైన్ (వేడి వైన్) 5 యూరోలు, కప్పుకి డిపాజిట్ ఇంకో 4. నలుగురు పెద్దవాళ్లు తలా ఒక కప్పు, తలా ఒక తిండి అనుకుంటే చూస్తుండగానే 50 దాటుతుంది. అక్కడికక్కడ రూపాయల్లోకి మార్చి చూసుకునే అమ్మానాన్న ఉంటే, డబ్బులు మీరే ఇవ్వండి, ధర బోర్డు ముందు వాళ్లని నిలబెట్టకండి.

మొదటి చుట్టు ఏమీ కొనొద్దు

ఇది గట్టిగా చెప్తున్నా. లోపలికి వెళ్లగానే కనిపించే మొదటి మూడు షెడ్లు మంచి జాగాలో ఉన్నవి, జనం అక్కడే ఆగుతారు కాబట్టి క్యూ పెద్దది, చాలాసార్లు ధర కూడా ఎక్కువ. ఒకసారి అంచు పట్టుకుని మొత్తం చుట్టు తిరగండి, పావుగంట పట్టదు. ఒకే తిండి, ఒకే గాజు బంతులు నాలుగైదు చోట్ల కనిపిస్తాయి. మీరు వెతకాల్సింది అలా మళ్లీ కనపడని షెడ్డు. అది మామూలుగా ఏదో మూలన, చర్చి గోడ పక్కన ఉంటుంది, లోపల మనిషి కూర్చుని ఏదో ఒక పని చేస్తూ ఉంటాడు. ఆగాల్సింది అక్కడ.

కప్పు సంగతి

గ్లూవైన్ అంటే దాల్చినచెక్క, లవంగం, నారింజ తొక్క, చక్కెర వేసి వేడిచేసిన వైన్. వాసన చూసి కషాయం అనుకుంటారు, కానీ ఆ పేరుతో అమ్మాలంటే కనీసం 7 శాతం ఆల్కహాల్ ఉండాలని యూరప్ నిబంధన. వేడిగా, తియ్యగా ఉండటం వల్ల త్వరగా తాగేస్తాం, అంతే త్వరగా ఎక్కుతుంది. 'మిట్ షుస్' అని రాసి ఉంటే అందులో రమ్ము లాంటిది అదనంగా పోస్తారు. తాగనివాళ్లు, పిల్లలు 'కిండర్‌పున్ష్' అడగండి, పళ్లరసంతో చేసింది, ఆల్కహాల్ ఉండదు. అమ్మకి ఇచ్చేముందు మళ్లీ ఒకసారి "ఓనే ఆల్కొహోల్?" అని అడిగి ఖాయం చేసుకోండి, రద్దీలో కప్పులు మారిపోతాయి. తాగినవాళ్లు కారే కాదు, ఈ-స్కూటర్ కూడా ముట్టుకోవద్దు, రెండింటికీ ఒకటే పరిమితి. 21 ఏళ్ల లోపువాళ్లకీ, కొత్తగా లైసెన్సు వచ్చి ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకీ కారు నడపాలంటే ఒక్క చుక్క కూడా ఉండకూడదు.

ఇక కప్పు. ప్లాస్టిక్ గ్లాసులో కాదు, పింగాణీ కప్పులో ఇస్తారు, దాని మీద ఊరి బొమ్మ, చాలాచోట్ల ఆ సంవత్సరం అంకె వేసి ఉంటాయి. డిపాజిట్‌ని ఇక్కడ ఫాండ్ అంటారు. కప్పు వెనక్కిస్తే మీ డబ్బు మీకిస్తారు, నచ్చితే ఉంచుకోవచ్చు, డిపాజిట్టే దాని ధర అన్నమాట. కొన్నిచోట్ల కప్పుతో పాటు చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఇస్తారు, అది పారేస్తే డబ్బు రాదు. తీసుకోగానే అంచు మీద వేలు తిప్పి చూడండి, పెచ్చు ఊడి ఉంటే అప్పుడే మార్పించుకోండి. గుర్తుగా ఉంచుకోవాలనుకుంటే మీరు తాగిన కప్పు ఇచ్చేసి కడిగినది అడగండి, ఇస్తారు. మా ఇంట్లో అలాంటివి ఆరున్నాయి. సంచులు నింపుకుని రావాలనుకునే అమ్మ చివరికి గుంటూరు తీసుకెళ్లింది ఆ కప్పే, ఇప్పుడు అందులో కాఫీ తాగుతుంది, పొద్దున వీడియో కాల్‌లో నాకు ముందు కనపడేది ఆ కప్పు మీది గడియారస్తంభం.

ఏం తినాలి, ఏం అడగాలి

మన వాళ్లకి ఇక్కడే ఇబ్బంది. బ్రాట్‌వుర్స్ట్ అనే కాల్చిన సాసేజ్ దాదాపు ఎప్పుడూ పంది మాంసమే. 'రిండ్' అని ఉంటే గొడ్డు మాంసం, 'ష్వైన్' అంటే పంది, 'పూటె' అంటే టర్కీ కోడి. శాకాహారులు "ఓనే ఫ్లైష్" (మాంసం లేకుండా) అంటే సరిపోదు, "ఓనే ష్పెక్" అని విడిగా అడగండి, ఎందుకంటే సన్నగా తరిగిన పంది కొవ్వు ముక్కల్ని చాలామంది మాంసం కింద లెక్కవేయరు. ఫ్లామ్‌కూఖెన్ అనే పల్చటి రొట్టె మీద అవి ఉంటాయి, పుట్టగొడుగుల వేపుడులో కొందరు వేస్తారు. పప్పు సూప్ అని బోర్డు చూసి మన పప్పు గుర్తొచ్చి సంతోషపడతారు, దాంట్లోనూ సాసేజ్ ఉండొచ్చు. పేరులో 'ష్మాల్ట్స్' అని ఉంటే అది పంది కొవ్వు. రొట్టె మీద తెల్లగా పూసింది అదే, ష్మాల్ట్స్‌కూఖెన్ అనే చిన్న పునుగుల్లాంటివాటిని ఇప్పుడు చాలామంది నూనెలో వేయిస్తారు కానీ అడిగే తినండి.

నేనైతే అందరినీ రైబెకూఖెన్ దగ్గరకి తీసుకెళ్తా, కొన్ని ఊళ్లలో దాన్నే కార్టోఫెల్‌పూఫర్ అంటారు. తురిమిన బంగాళదుంప, ఉల్లిపాయ, ఉప్పు, ఎక్కువమంది గుడ్డు కూడా కలుపుతారు. రుచికి ఆలూ కట్లెట్‌కీ గారెకీ మధ్యలో ఉంటుంది. ముందే వేయించి పేర్చి పెట్టిన షెడ్డు దగ్గర కాకుండా, అప్పుడే వేస్తున్న షెడ్డు దగ్గర నిలబడండి. మా ఊళ్లో ఒకావిడ ఉంది, పెద్ద బకెట్లోంచి గరిటెతో పిండి తీసి వెడల్పాటి పెనంలో నూనె మీద వేస్తుంది, గరిటె వెనక వైపుతో ఒక్క నొక్కు నొక్కుతుంది, అంచులు జాలీలా విడిపోయి ఎర్రగా కరకరలాడేదాకా తిప్పదు. కాగితం పళ్లెంలో మూడు వేసి పక్కన ఆపిల్ గుజ్జు పెడుతుంది. వేడి ఉప్పటి గారె లాంటిదాన్ని తియ్యటి చల్లటి గుజ్జులో ముంచి తినమంటే నాన్న ముందు ఒప్పుకోలేదు, ఒక ముక్క తిన్నాక ఇంకో పళ్లెం చెప్పమన్నారు. అమ్మ మాత్రం హ్యాండ్‌బ్యాగులోంచి కారప్పొడి డబ్బా తీసింది. మీరూ ఒక చిన్న డబ్బా తీసుకెళ్లండి, రైబెకూఖెన్ మీద చల్లితే నిజంగా బాగుంటుంది.

కాల్చిన చెస్ట్‌నట్లు, రాగి గిన్నెలో చక్కెర పాకంలో వేయించిన బాదం, ఇవి ఎవరైనా తినొచ్చు. మెడలో వేసుకునే పెద్ద గుండె ఆకారం లేబ్‌కూఖెన్ (మసాలా బిస్కెట్టు) అలంకారానికి, తినడానికి గట్టి. తినేది కావాలంటే ఎలీజెన్‌లేబ్‌కూఖెన్ అడగండి, దాంట్లో కనీసం 25 శాతం గింజపప్పులు ఉండాలి, పిండి 10 శాతం దాటకూడదు. ష్టోలెన్ అనే క్రిస్మస్ కేకు కొనేవాళ్లు అందులో ఎండుద్రాక్ష రమ్ములో నానబెట్టి వేస్తారని గుర్తుంచుకోండి, పెద్దవాళ్లకి పట్టింపు ఉంటే ముందే అడగాలి. ఆ కేకు మీద దట్టంగా పంచదార పొడి చల్లి తెల్లగా ఉంటుంది, పొత్తిగుడ్డల్లో చుట్టిన బాలయేసుకి గుర్తుగా ఆ ఆకారమని ఇక్కడ చెప్తారు. డ్రెస్డెన్‌లో ఈ మాట చెప్పినప్పుడు అమ్మ చేతిలో ఉన్న ముక్కని తినకుండా కాసేపు అలాగే పట్టుకుంది.

కొనేముందు తిప్పి చూడండి

మొదటి ఏడాది చేత్తో చేసిందని చెప్తే ఒక చెక్క దేవదూత కొన్నా, 18 యూరోలు. వారం తర్వాత చవక సామాన్ల కొట్టులో అదే బొమ్మ, అదే పగుళ్లు, 4 యూరోలు. అప్పట్నుంచి ఏ బొమ్మైనా తిరగేసి అడుగు చూస్తా. స్టిక్కర్ పీకిన జిగురు మరక ఉంటే పెట్టేస్తా. అసలు చెక్క బొమ్మలు సాక్సనీలోని ఎర్ట్స్‌గెబిర్గె కొండల నుంచి వస్తాయి, ముఖ్యంగా జైఫెన్ అనే ఊరి నుంచి. అక్కడ గనులు తగ్గిపోయాక ఆ పనివాళ్లు చెక్క పనిలోకి వచ్చారు, అందుకే కొవ్వొత్తుల కమానుల మీద ఇప్పటికీ గని కార్మికుడి బొమ్మ కనిపిస్తుంది. నోట్లోంచి సాంబ్రాణి పొగ వదిలే బొమ్మ అరచేతిలో పట్టేంతదైనా 20, 30 యూరోలు దాటుతుంది. చేసిన చోటు పేరు అడుగున ముద్రించి ఉంటుంది, అమ్మేవాళ్లని అడిగితే ఇష్టంగా చెప్తారు. చెప్పలేకపోతే కొనొద్దు. గాజు బంతులైతే త్యూరింగెన్‌లోని లౌషా ఊరివి అడగండి, అక్కడ 19వ శతాబ్దం నుంచి వాటిని ఊది చేస్తున్నారు.

ఒకే వస్తువు కొనాలంటే నేను చెప్పేది హెర్న్‌హూట్ నక్షత్రం, క్రిస్మస్ రోజుల్లో వేలాడదీసే స్టార్. 25 కొనలు ఉంటాయి, కాగితంది ముక్కలుగా వస్తుంది, ఇంట్లో మనమే బిగించుకోవాలి. మనవైపు డిసెంబర్‌లో ఇంటి ముందు కట్టే స్టార్ గుర్తొస్తుంది కాబట్టి అమ్మానాన్నకీ నచ్చుతుంది, సామానులో విప్పి పెడితే నలగదు. అయితే దీన్ని మార్కెట్లోనే కొనాలని లేదు, మామూలు దుకాణంలోనూ అదే దొరుకుతుంది.

నచ్చకపోతే పక్కనే ఉన్న చర్చిలోకి వెళ్లండి

గంట తిరిగినా మనసుకి ఏమీ అనిపించలేదనుకోండి, ఇంకాసేపు తిరిగితే బాగుంటుందేమో అని లాగకండి. చాలా ఊళ్లలో మార్కెట్ పెద్ద చర్చి ముందే ఉంటుంది, తలుపు తెరిచే ఉంటుంది, లోపలికి డబ్బు కట్టక్కర్లేదు. ఆగమన కాలంలో సాయంత్రాలు అరగంట ఆర్గన్ వాయించడమో, పాటలో ఉంటాయి, తలుపు మీద కాగితం అతికిస్తారు, చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర్లో ఉంటే మొదటి ఆగమన ఆదివారానికి ముందు రోజు శనివారం సాయంత్రం, మళ్లీ 24 సాయంత్రం, ఊరి మధ్యలోని పది చర్చిల యాభై గంటలు కలిపి అరగంట సేపు మోగిస్తారు. శనివారం వెళ్లొద్దని చెప్పిన నేనే దీనికి మాత్రం వెళ్లమంటా, మార్కెట్లోకి కాదు, నది ఒడ్డున నిలబడి వినండి.

రెండో ఏడు అమ్మ వచ్చినప్పుడు అలాగే ఒక చర్చిలోకి తీసుకెళ్లా. పశువుల పాక పెద్దగా కట్టారు, గొర్రెలు, గాడిద, మరియ, యోసేపు అందరూ ఉన్నారు, తొట్టిలో మాత్రం గడ్డి తప్ప ఏమీ లేదు. అమ్మ నా వైపు చూసింది. అక్కడ కొవ్వొత్తులు సర్దుతున్న పెద్దాయన్ని అడిగితే, 24 రాత్రికి గానీ పెట్టం, ఇంకా పుట్టలేదు కదా అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. మొదటి ఏడు అడిగిన ప్రశ్నకి అమ్మకి జవాబు అప్పుడు దొరికింది, ఆ తర్వాత మార్కెట్‌ని చూసే తీరు కూడా మారింది.

అసలు వెతకాల్సింది చిన్న మార్కెట్

ఇక్కడిదాకా ఓపిగ్గా చదివినవాళ్లకి నేను మనసారా చెప్పేది ఇదే. ప్రతి పేటకీ, ప్రతి పల్లెకీ, చాలా చర్చిలకీ సొంత మార్కెట్ ఉంటుంది, ఒక్క శనాదివారమో, ఒక్క సాయంత్రమో. వీటి గురించి టూరిస్టు పేజీల్లో రాయరు. మీ పేట పేరు పక్కన 'ఆడ్వెంట్స్‌మార్క్ట్' అని వెతకండి, ఉచితంగా వచ్చే వారపత్రిక ఆఖరి పేజీలు చూడండి, కిండర్‌గార్టెన్ నోటీసుబోర్డు, బేకరీ గాజు తలుపు మీద అతికించిన కాగితాలు చదవండి. అన్నిటికంటే తేలిక, పక్కింటి ముసలావిడని అడగండి, ఆవిడ ఈసరికే అక్కడ కేకులు చేయడానికి పేరు ఇచ్చి ఉంటుంది. డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా చెల్లే నెలవారీ పాస్) ఉంటే ప్రాంతీయ రైళ్లలో గంట దూరంలోని ఊళ్లకి అదనంగా ఏమీ కట్టకుండా వెళ్లొచ్చు.

మేం వెళ్లేది రైల్లో నలభై నిమిషాల దూరం. మొత్తం పదహారో పదిహేడో బల్లలు, ఊరి చర్చి ఆవరణలో. సూప్ పోసేది అక్కడి అగ్నిమాపక దళం వాలంటీర్లు, వాఫిల్స్ వేసేది బడి పిల్లల తల్లిదండ్రులు, వచ్చిన డబ్బు బడికే. ఒక తాత తేనెమైనంతో కొవ్వొత్తులు చేసి తెస్తాడు, పాప చేతికి మైనం రేకు ఇచ్చి ఒత్తి పెట్టి చుట్టించాడు. కప్పు ఇంటి నుంచి తెచ్చుకోమని అక్కడ పోస్టర్‌లో ముందే రాస్తారు, గమనించి తీసుకెళ్లండి. డిసెంబర్ 6 దగ్గర్లో వెళ్తే సెయింట్ నికోలస్ వేషంలో ఒకాయన వచ్చి పిల్లలకి నారింజ, గింజలు పంచుతాడు. వచ్చిన భాష రెండు ముక్కలైనా సరే మాట్లాడండి, పెద్ద మార్కెట్లో దొరకని తీరిక ఇక్కడివాళ్లకి ఉంటుంది.

ఐదింటికి చర్చి మెట్ల మీద ఇత్తడి బాకాల బృందం వాయించింది, ఇక్కడి లూథరన్ సంఘాల్లో అలాంటి బృందాలు మామూలే. మూడో పాట మొదలవగానే అమ్మ తల ఎత్తింది. మా గుంటూరు చర్చిలో ఆ రాగానికి తెలుగు మాటలున్నాయి. అమ్మ తెలుగులో అందుకుంది, ముందు గొంతులోనే, రెండో చరణానికి పైకి. పక్కన నిలబడ్డ ఒక జర్మన్ ముసలావిడ తన పాటల కాగితం అమ్మకి కూడా కనపడేలా పక్కకి జరిపింది, అమ్మకి ఆ అక్షరాలు రావు, అయినా ఇద్దరూ ఆ కాగితం చెరో అంచు పట్టుకుని చివరిదాకా పాడారు.

అమెరికాలోని షికాగోలో 1996 నుంచి, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో కూడా జర్మన్ పద్ధతి మార్కెట్లు పెడుతున్నారు, అక్కడుండే మనవాళ్లకీ పని రోజు, నాలుగు గంటలు, మొదటి చుట్టు కొనకపోవడం, ఇవన్నీ అలాగే పనికొస్తాయి. కార్డు ఇబ్బంది మాత్రం అంత ఉండదు.

చిన్న ఊరికి వెళ్లేవాళ్లు తిరుగు బండి టైము ముందే చూసుకోండి. శనాదివారాల్లో పల్లె బస్సు గంటకో, రెండు గంటలకో ఒకటి, ఏడు దాటితే కొన్నిచోట్ల ఉండదు. పెద్దవాళ్లని చలిలో స్టాపు దగ్గర నిలబెట్టకుండా, బస్సుకి పది నిమిషాల ముందు దాకా చర్చి హాల్లో కూర్చోబెట్టండి, అక్కడ హీటర్ ఉంటుంది, కాఫీ, ఇంట్లో చేసిన కేకు కూడా దొరుకుతాయి.